పడమర హద్దు

భానోజీ రాసిచ్చిన కాగితం పంతులుగారి బల్ల మీదికి చేరి వారం దాటింది. ఆయన దాన్ని తీస్తారు, చూస్తారు, కళ్ళజోడు తుడుచుకుంటారు, మళ్ళీ పక్కన పెడతారు. సంతకం మాత్రం పెట్టరు. భానోజీకి ఒళ్ళు మండిపోతోంది.

గవర్రాజు పంతులుగారంటే రాజమండ్రిలో తెలియనివాళ్ళు తక్కువ. కోర్టులో గొంతు చించుకునే రకం వకీలు కాదాయన. ఇల్లో స్థలమో కొనబోయేవాళ్ళు పాత దస్తావేజులన్నీ మూటగట్టుకుని ఆయన దగ్గరికి వస్తారు. అమ్ముతున్నవాడికి ఎవరమ్మారు, వాడికెవరు అమ్మారు, అంతకు ముందు ఏ తాత ఏ కొడుక్కి పంచాడు అని ఆయన వెనక్కి వెనక్కి తవ్వుకుంటూ పోతారు. చివరికి "కొనుక్కో" అంటే కొనుక్కోవడం, "వద్దు" అంటే లేచి ఇంటికి పోవడం. దానికి అప్పీలు లేదు.

ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్ర వకీలు భానోజీ. చురుకైనవాడే, కాదనడానికి లేదు. కాకపోతే లోకంలో ప్రతివాడూ ఒక దొంగ దస్తావేజు జేబులో పెట్టుకుని తిరుగుతున్నాడని వాడి గట్టి నమ్మకం. పాలవాడు చిక్కటి పాలు పోస్తే సంతోషించడు. ఇవాళ ఇంత చిక్కగా ఎందుకు పోశాడా అని ఆలోచిస్తాడు.

"మన వృత్తికి అనుమానమే పెట్టుబడండీ" అని వచ్చినవాళ్ళ ముందు కాలరు సర్దుకుంటూ చెబుతుంటాడు. పంతులుగారు "ఊఁ" అని ఊరుకుంటారు.

సంతకం కోసం ఆగిన ఆ కాగితం రూతమ్మ ఇంటి గురించి.

బస్సులు తిరిగే రోడ్డు మీద, నూనె గానుగ పక్కన ఓ చిన్న పెంకుటిల్లు ఉంది. రూతమ్మ అనే పెద్దావిడ అందులో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లూ లాల్చీలూ కుడుతూ ఒంటరిగా బతుకుతోంది. ఆ జాగాలో ఆసుపత్రి కట్టుకుందామని ఊళ్ళో ఒక డాక్టరుగారికి ఆశ. పరంధామయ్య అనే ఆయన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, "ఆ స్థలం నాదండీ. ఊరికే కాపురం ఉంటున్న ముసలమ్మని లేపించి మీకప్పగిస్తాను" అన్నాడు. డాక్టరుగారు తెలివైనవాడు. "పంతులుగారు సరేనంటే సరే" అన్నాడు. పంతులుగారు ఆ పని భానోజీ చేతిలో పెట్టారు.

పరంధామయ్య తెచ్చిన కాగితాలు చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. ఒక్కొక్కటీ ప్లాస్టిక్కు కవరులో, ఏడాది వరసన, అంచు మడత పడకుండా ఉన్నాయి. తెల్లదొరల నాటి పంపకం దస్తావేజు, ఆ తర్వాత అమ్మకం, వీలునామా, మళ్ళీ అమ్మకం, చివరికి పరంధామయ్య కొన్నది. భానోజీ రిజిస్ట్రారు ఆఫీసుకి పోయి, దుమ్ములో తుమ్ముకుంటూ అన్నిటినీ అసలుతో పోల్చి చూశాడు. ఏ ఒక్కటీ దొంగది కాదు. హద్దులు కూడా మొదటినుంచి చివరిదాకా ఒకటే. తూర్పు వీధి, దక్షిణం సందు, ఉత్తరం నూనె గానుగ, పడమర శామ్యూలు కాంపౌండరు ఇల్లు. రూతమ్మ ఇంటికి తూర్పున వీధి ఉంది, దక్షిణాన సందు ఉంది, ఉత్తరాన గానుగ ఇప్పటికీ తిరుగుతూనే ఉంది. ఇంకేం కావాలి? వెనకాల సందులోకి గుమ్మం ఉన్న పాత ఇల్లే శామ్యూలుది అయ్యుంటుందని మనసులోనే తేల్చేసుకున్నాడు. అనుమానం పుట్టాల్సిన చోట మాత్రం పుట్టలేదు మహానుభావుడికి.

రూతమ్మని చూడ్డానికి ఒకసారి వెళ్ళాడు. వెళ్ళాడంటే, సైకిలు దిగకుండా, ఒక కాలు రోడ్డు మీద ఆనించి, వీధిలోంచే అడిగాడు.

"ఈ ఇల్లు మీకెలా వచ్చింది?"

"మా మావగారిది బాబూ. ఎండలో నిలబడ్డావేం, లోపలికి రా. మజ్జిగ తాగుదువుగాని."

మజ్జిగ అనగానే భానోజీ జాగ్రత్తపడ్డాడు. ఊరూ పేరూ తెలియనివాడికి మజ్జిగ ఎందుకిస్తున్నట్టు?

"దస్తావేజులు?"

"ఎక్కడివి బాబూ! వరదల్లో ట్రంకు పెట్టెతో సహా గోదారి పాలైపోయాయి. పన్ను కట్టిన రసీదులున్నాయి, మా ఇంటాయన పేరున" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

భానోజీ నవ్వుకున్నాడు. రాజమండ్రిలో లేని దస్తావేజులన్నీ గోదారే మింగింది పాపం!

"మీ మావగారి పేరేమిటి?"

రూతమ్మ సిగ్గుపడిపోయింది. నవ్వింది. మళ్ళీ అడిగితే, "అయ్యో, అదేం ప్రశ్న బాబూ" అని లోపల గోడకి వేలాడుతున్న ఫోటో వైపు చెయ్యి చూపించింది. రోడ్డు మీదినుంచి చూస్తే ఫోటో అద్దం మీద వెలుగు తప్ప మరేమీ కనపడదు. సైకిలు దిగితే కదా కనపడ్డానికి!

సొంత ఇల్లంటుంది, ఆ ఇల్లు ఎవరిదో పేరు చెప్పడానికి నోరు రాదా? అక్కడితో భానోజీ లెక్క తేలిపోయింది. ఇంటికొచ్చి రాసేశాడు: పరంధామయ్య హక్కు నిష్కళంకం. రూతమ్మ ఆక్రమణదారు. మామగారి పేరడిగితే చెప్పడానికి నిరాకరించింది.

ఆ కాగితం మీదే పంతులుగారు సంతకం పెట్టనిది.

ఇంతలో ఇంకోటి జరిగింది. భానోజీ ఒక సాయంత్రం అటుగా పోతుంటే పంతులుగారు రూతమ్మ ఇంట్లోంచి బయటికి వస్తూ కనపడ్డారు. మూతి తుడుచుకుంటూ మరీ వస్తున్నారు. మజ్జిగే, సందేహం లేదు. రెండ్రోజులు పోయాక ఆఫీసులో కొత్త లాల్చీతో దర్శనమిచ్చారు.

"లాల్చీ బాగుందండీ. ఎవరు కుట్టారు?" అన్నాడు భానోజీ, ఏమీ తెలియనట్టు.

"రూతమ్మ" అన్నారు పంతులుగారు, దాచుకోకుండా.

ఒక్క లాల్చీకా! ఇన్నేళ్ళ పేరు ఒక్క లాల్చీకి అమ్ముకున్నారా ఈయన! ఎవరినైనా అనుమానించడం వాడికి సరదాగానే ఉంటుంది గాని, ఈయన్ని అనుమానించడం సరదాగా లేదు. అన్నం ముందు కూచుంటే ముద్ద దిగలేదు. తండ్రి మీద నింద విన్నట్టు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అయినా అనుమానం అనుమానమే. అది వదల్లేదు.

మర్నాడు పొద్దున్న ఇక ఆగలేకపోయాడు.

"పంతులుగారూ, ఆ కాగితం మీద సంతకం ఎందుకు పెట్టరు?"

"ఆ ఇల్లు రూతమ్మది కాదని ఎలా తేల్చావ్?"

"కాగితం లేదండి ఆవిడ దగ్గర."

"అంతేనా?"

"అంతేనండి. కాగితం లేనిది ఎవరిదీ కాదు. ఎవరి మొహమో చూసి ఆగిపోతే వృత్తికే మచ్చండి."

"ఎవరి మొహం?"

భానోజీ లాల్చీ కేసి చూశాడు. పంతులుగారు కూడా వంగి తన లాల్చీ కేసి చూసుకున్నారు. చెయ్యి వేసి ఒక ముడత సరిచేసుకున్నారు. తర్వాత గొడుగు తీసుకుని లేచారు.

గుమ్మం బయట రెండు జతల చెప్పులున్నాయి. ఆయన తనవి వదిలేసి, భానోజీ చెప్పులు తొడుక్కుని, తాపీగా మెట్లు దిగి కోర్టు వైపు నడక మొదలుపెట్టారు.

"పంతులుగారూ! అవి నావండీ!"

"కాగితం ఉందా?" అన్నారాయన వెనక్కి తిరక్కుండానే.

"చెప్పులకి కాగితం ఏమిటండీ!"

"నువ్వే కదా అన్నావ్."

భానోజీ వట్టి కాళ్ళతో వెంటపడ్డాడు. వీధిలో ఇద్దరు ముగ్గురు ఆగి వినోదం చూస్తున్నారు. వాడికి తల కొట్టేసినట్టయింది.

"ఎవర్నడిగినా చెబుతారండీ అవి నావని. అదిగో, ఆ మూల సాంబయ్యని అడగండి. మొన్ననే పట్టీ తెగితే ఆయనే కుట్టాడు."

పంతులుగారు అప్పుడు ఆగారు.

"సాంబయ్యని అడగాలా?"

"అడగండి, చెబుతాడు."

"మరి అక్కడ నువ్వెవర్ని అడిగావు?"

పంతులుగారు గొడుగు విప్పుకుని, ఆ చెప్పులే టకటకలాడించుకుంటూ కోర్టుకి వెళ్ళిపోయారు.

భానోజీ వాటికోసం వెనక పోలేదు, పౌరుషం అడ్డొచ్చింది. పంతులుగారి చెప్పులు తొడుక్కోవడానికి మనసొప్పలేదు. సరే, అడగమంటున్నారు కదా, అడుగుతాను, ఆ ముసలమ్మతో ఈయనకున్న లావాదేవీ ఏమిటో అదీ లాగుతాను అనుకుని వట్టి కాళ్ళతోనే బయల్దేరాడు. రోహిణి కార్తె. రాజమండ్రి రోహిణి కార్తె ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకి చెప్పక్కర్లేదు.

రూతమ్మ ఇంటిముందు రోడ్డు మీదికి చేరేసరికి తారు కరిగి మెరుస్తోంది. అరికాళ్ళు చుర్రుమన్నాయి. ఒక కాలు ఎత్తి, అది దించి ఇంకోటి ఎత్తి, అక్కడే గెంతడం మొదలుపెట్టాడు.

"ఎవరయ్యా అది? ఏవిటా గెంతులు?" అని సందులోంచి ఓ గొంతు. రూతమ్మ ఇంటి వెనక, సందులోకి గుమ్మం ఉన్న పాత ఇంటి అరుగు చివర ఒక పెద్దావిడ కూచుని కంది పప్పు చెరుగుతోంది. "చెప్పుల్లేకుండా తారు మీద నిలబడతారా ఎవరైనా? రా, రా నీడలోకి!"

ఆవిడ పేరు మంగతాయారు. చేట పక్కన పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి కాళ్ళ మీద పోసింది. ఆ చల్లదనానికి భానోజీకి ప్రాణం లేచొచ్చింది. అయినా వచ్చిన పని మర్చిపోలేదు.

"ఈ ఇల్లు మీరు శామ్యూలు కాంపౌండరు గారి దగ్గర కొన్నారా అండీ?"

"కొనడమేమిటి? ఇది మా తాత కట్టిన ఇల్లు. శామ్యూలు మా ఇంట్లో ఎందుకుంటాడు?"

"మరి శామ్యూలు గారి ఇల్లు?"

"అదిగో, నీ ఎదురుగా ఉన్నదే! రూతమ్మ ఉంటోందే, అది. దాని మావగారే కదయ్యా శామ్యూలు. చిన్నప్పుడు నన్ను కుక్క కరిస్తే ఆయనే కదూ బొడ్డు చుట్టూ సూదులు పొడిచింది! ఊరు ఊరంతా వినపడేలా ఏడిచాను."

"ఆవిడ పేరు చెప్పలేదండీ! అడిగితే నవ్విందండీ!"

"కోడలు మావగారి పేరు ఎలా చెబుతుందయ్యా? పుస్తకాలు చదివితే ఇదేనా నేర్చుకునేది? మీ అమ్మ మీ తాతని పేరు పెట్టి పిలుస్తుందా?"

భానోజీకి తన తల్లి కళ్ళముందు మెదిలింది. రేషను కార్డు రాసేవాళ్ళు వచ్చి ఇంటాయన పేరడిగితే, ఆవిడ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ఒరేయ్, నువ్వు చెప్పరా" అని తనని ముందుకు తోసింది. ఇంట్లో అందరూ నవ్వారు. ఎవరూ ఆవిడని ఆక్రమణదారు అనలేదు.

పడమర శామ్యూలు ఇల్లు. శామ్యూలు ఇల్లంటే రూతమ్మ ఇల్లు. మరైతే పరంధామయ్య స్థలం దానికి తూర్పున ఉండాలి. భానోజీ తూర్పుకి చూశాడు. బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది.

"ఆ ఇంటికి తూర్పున ఇదివరకు ఏముండేదండీ?" అన్నాడు.

"కట్టెల అడితి. ఇక్కడికి బస్సులొచ్చిన కొత్తలో వీధి వెడల్పు చేస్తామని కొట్టేశారు. గానుగ ముందుపక్క కూడా కాస్త పోయింది. అడితి మొత్తం ఆ తారు కిందికే పోయిందనుకో."

భానోజీ తన అరికాళ్ళు చూసుకున్నాడు. ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఇందాకటినుంచి తను గెంతింది పరంధామయ్య స్థలంలోనేనన్నమాట! రోడ్డు కింద పోయిన జాగా కాగితాల మీద మాత్రం చేతులు మారుతూ, వీలునామాలు రాయించుకుంటూ నిక్షేపంలా బతుకుతోంది. తూర్పున వీధి అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. వీధే ఒక స్థలం మేర ఇటు జరిగి కూచుంది.

మొదటిసారి రూతమ్మ గడప దాటాడు. గోడ మీది ఫోటోలో మెడదాకా బొత్తాలున్న కోటు తొడుక్కున్న ఒక బక్క మనిషి కుర్చీలో నిటారుగా కూచున్నాడు. కింద స్టూడియోవాళ్ళు రంగుతో రాసిన అక్షరాలున్నాయి. 'ఎమ్. శామ్యూలు, కాంపౌండరు.'

రూతమ్మ మజ్జిగ తెచ్చింది. ఈసారి తాగాడు.

"బాబూ, నన్ను లేపేస్తారంట కదా?" అంది. "ఆ పరంధామయ్యగారు వచ్చి చెప్పి వెళ్ళాడు. ఈ మిషను తీసుకుని ఎక్కడికి పోను? నేను పెళ్ళయి వచ్చింది ఇక్కడికే, మా ఇంటాయన పోయిందీ ఇక్కడే."

"లేదమ్మా" అన్నాడు భానోజీ. "ఎవరూ లేపరు."

రూతమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, వాడి గ్లాసులో ఇంకాస్త మజ్జిగ పోసింది.

"మీ ఆఫీసు పెద్దాయన కూడా వచ్చాడు బాబూ, గుడ్డ తెచ్చి లాల్చీ కుట్టమని. కొలతలు తీసుకుందామని టేపు పట్టుకుంటే, ఇలా ఇయ్యమ్మా అని నా చేతిలోంచి లాక్కుని, ఆ గోడ కొలిచాడు, గుమ్మం కొలిచాడు, అక్కణ్ణించి కొలుచుకుంటూ కొలుచుకుంటూ రోడ్డు మధ్యకి పోయి నిలబడ్డాడు. లారీవాడు తిడుతున్నా కదలడు! పాపం, పెద్ద వయసు కదా, మతి తప్పిందేమో అనుకున్నాను."

భానోజీ గ్లాసు కింద పెట్టి, ఆ టేపు ఒక్కరోజుకి ఇమ్మని అడిగాడు.

మర్నాడు పరంధామయ్య అత్తరు వాసన ముందు రాగా వెనకే తనూ వచ్చాడు. "మన కాగితం తయారైందాండీ?" అన్నాడు.

"భానోజీ, పరంధామయ్యగారికి ఆయన స్థలం చూపించుకురా" అన్నారు పంతులుగారు.

భానోజీ ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళాడు. శామ్యూలు ఇంటి తూర్పు గోడ దగ్గర టేపు ఒక కొస పరంధామయ్య చేతికే ఇచ్చి, దస్తావేజులో ఉన్న కొలత ప్రకారం లాక్కుంటూ పోయి, రోడ్డు నడిమధ్య ఆగాడు. అటు బస్సు, ఇటు రిక్షా. రెండూ ఆగి హారన్లూ గంటలూ మోగిస్తున్నాయి.

"ఇదేనండీ మీ స్థలం! కాగితాలు నిఖార్సయినవే. వచ్చి స్వాధీనం చేసుకోండి!" అని అక్కణ్ణించే కేకేశాడు.

పరంధామయ్య టేపు కొస వదిలేశాడు. ఆశ్చర్యపోయినట్టు మొహం పెట్టాడు గాని, రోడ్డు మీదికి మాత్రం చూడలేదు. నమస్కారం పెట్టి, ప్లాస్టిక్కు కవర్ల సంచీ చంకన పెట్టుకుని, సందులోంచి వెళ్ళిపోయాడు. ఆయన మళ్ళీ ఈ వైపు రాలేదు.

సాయంత్రం భానోజీ తను రాసిన కాగితం నాలుగు ముక్కలు చేసి, పంతులుగారి ఎదుట చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"తప్పయిందండి. ఇక జన్మలో ఎవర్నీ అనుమానించను."

"అయితే రేపట్నుంచి రాకు" అన్నారు పంతులుగారు.

భానోజీ బిక్కమొహం వేశాడు.

"అనుమానం లేనివాణ్ణి పెట్టుకుని నేనేం చేసుకోనోయ్? ఆ పరంధామయ్య లాంటివాళ్ళు ఊళ్ళో సగం రోడ్లు అమ్మేస్తారు."

"మిమ్మల్ని కూడా అనుమానించానండీ" అన్నాడు భానోజీ, ఏడుపు గొంతుతో.

"తెలుసు. అందులోనూ తప్పులేదు."

"మరి తప్పెక్కడండీ?"

పంతులుగారు కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టి, వాడి కందిన కాళ్ళ కేసి ఒకసారి చూశారు.

"అనుమానించు నాయనా" అన్నారు. "కూచుని అనుమానించకు."